మూడువేల ఆరువందల నలభై పౌండ్లు

లోర్నా డ్యూసెక్ పదహారేళ్లుగా మెర్ల్ క్రాసింగ్ ధాన్యం గిడ్డంగిలో కాటా దగ్గర పనిచేస్తోంది. రైతు లారీ కాటా పలక మీదికి ఎక్కుతుంది. ఆమె అంకె చూసి చీటీ మీద ముద్ర వేస్తుంది. మొక్కజొన్న దించాక లారీ ఖాళీగా మళ్లీ ఎక్కుతుంది. ఆమె మళ్లీ అంకె చూస్తుంది. కిటికీ అద్దానికి లోపలివైపు ఒక అట్ట అతికించి ఉంటుంది: "డ్రైవరు కూర్చుంటే రెండుసార్లూ కూర్చోవాలి. దిగితే రెండుసార్లూ దిగాలి." ఈ మాట తప్పినవాడు ఎవరైనా సరే, మళ్లీ వరస చివర నిలబడాల్సిందే.

ప్రతి చీటీకీ కార్బన్ నకలు తీసి ఏడేళ్లు దాచాలన్నది ఒహాయో చట్టం. లోర్నా ఇంట్లో కిరాణా పట్టీకి కూడా నకలు ఉంటుందని ఊళ్లో అనేవారు. ఎగతాళికే అన్నా, అది నిజమే.

ఆమె బండి 2002 నాటి ఫైర్‌బర్డ్ కారు. ఇంటి నుంచి గిడ్డంగికి ముప్పై ఒక్క మైళ్లు. మంచు పడినా ఎండ కాసినా అదే బండి. రెండోది లేదు. పోయిన శీతాకాలం ఆమె తన షెడ్డులో ఇంజిన్ విప్పి, వాల్వులు తెరిచే క్యామ్ తీసి ఇంకా పెద్దది వేసింది. దాంతో వేగం వచ్చింది. వేగంతో పాటు ఒక తిప్పలూ వచ్చింది. ఎర్రదీపం దగ్గర బ్రేకు తొక్కితే బండి ముందుకు గుంజేది, గుంజి గుంజి ఆగిపోయేది.

తప్పు క్యామ్‌ది కాదు, కన్వర్టర్‌ది. ఇంజిన్‌కూ గేర్‌పెట్టెకూ మధ్య గుమ్మడికాయంత ఇనుప డొల్ల ఒకటి ఉంటుంది, నిండా నూనెతో. లోపల రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా ఉంటాయి. ఇంజిన్ తిప్పే ఫ్యాను నూనెను తోస్తే, ఆ నూనె రెండో ఫ్యానును తిప్పుతుంది. నిమిషానికి ఎన్ని చుట్ల దగ్గర నూనెకు పట్టు దొరకాలన్నది కన్వర్టర్ చేసేవాడు నిర్ణయిస్తాడు. పట్టు ముందే పడితే, పెద్ద క్యామ్ వేసిన ఇంజిన్ నిలబడ్డచోట ఊపిరాడక చస్తుంది. పట్టు మరీ ఆలస్యమైతే నూనె కాగి గేర్‌పెట్టె మాడుతుంది. పందేలకే వాడే బండి అయితే మాడితే మాడిందనుకోవచ్చు. రోజూ అరవైరెండు మైళ్లు తిరిగే బండికి ఆ రెంటి మధ్యా సరిగ్గా కుదరాలి.

ఊళ్లో గేర్‌పెట్టెల పని తెలిసినవాడు రెక్స్ బాయర్ ఒక్కడే. లోర్నా అతని దగ్గరికి వెళ్లింది. అతను కౌంటర్ మీద పుస్తకం తెరిచి ఒక బొమ్మ మీద వేలు పెట్టాడు.

"ఇదిగో, మూడువేల చుట్లది. రేపు డబ్బా వస్తుంది. ఎల్లుండి నీ బండి నీకిచ్చేస్తా."

"మూడువేలు ఎవరి బండిలో?"

"ఎవరి బండిలో ఏంటి? బండిలో."

"ఇదే డొల్ల బరువు బండిలో పెడితే ఓ అంకె వస్తుంది, తేలిక బండిలో పెడితే ఇంకోటి వస్తుంది. డబ్బా మీద రాసింది ఎందులో కొలిచారని అడుగుతున్నా."

"నాకు ఫోన్ చేసి చెప్పలేదు వాళ్లు."

"ఫ్యాను రెక్కలు అతుకు పోసినవా, వంచి ఇరికించినవా?"

రెక్స్ పుస్తకం వైపు చూశాడు. పుస్తకంలో ఆ సంగతి లేదు.

"లోపల సూది బేరింగులున్నాయా, ఉత్త వాషర్లేనా? పెద్దరోడ్డు ఎక్కాక జారకుండా లాక్ పడుతుందా?"

"ఏవమ్మా, నువ్వు కన్వర్టర్ కొంటున్నావా, దానికి పిల్లనిస్తున్నావా?"

"రోజూ నేను అందులో కూర్చోవాలి."

"అవున్లే. మా నాన్న మొక్కజొన్నని కూడా ఇలాగే గింజ గింజా నలిపి చూశావు. తడి నూటికి పదహారున్నర అని రాసి ధరలో కోత కోశావు."

"తడి పదహారున్నరే ఉంది."

"లేదని ఆయన పోయేదాకా అన్నాడు."

"అన్నంత మాత్రాన గింజ ఆరదు రెక్స్."

అది జరిగి తొమ్మిదేళ్లయింది. రెక్స్ పుస్తకం మూశాడు. "అయితే లైమా వెళ్లు, వేడ్ స్ట్రిక్లర్ దగ్గరికి. తన చేత్తో ఒక్కోటీ కోసి, అతికి, తూచి చేస్తాడు. మీ ఇద్దరికీ బాగా కుదురుతుంది. ఆయన కన్నతల్లిని కూడా నమ్మడు."

స్ట్రిక్లర్ షెడ్డు లైమా ఊరి చివర ఉంది. లోర్నా వెళ్లేసరికి అతను బల్ల దగ్గర కూర్చుని కోడిమాంసం బన్ను తింటున్నాడు. పక్కన ఇంకో బన్ను కాగితంలో చుట్టి ఉంది. వయసు అరవై ఎనిమిది. కుర్చీ చేతులకు తోలు ఊడి ఉంది. అతను లేవలేదు. సగానికి కోసి పెట్టిన కన్వర్టర్‌ను మోచేత్తో ఆమె వైపు నెట్టాడు.

లోర్నా రెక్కల మొదట్లో గోరు పెట్టి చూసింది. అతుకు చివరిదాకా పారింది. బేరింగుల్ని తిప్పింది. లాక్ పళ్లెం మీది పూత మందం చూసింది. పది నిమిషాలు పట్టింది. ఈలోగా స్ట్రిక్లర్ రెండో బన్ను విప్పాడు.

"నచ్చిందా?"

"పని బావుంది."

"నువ్వు చెప్పాలా? ఇది నింపు."

అతను ఇచ్చిన కాగితంలో పదకొండు ప్రశ్నలున్నాయి. ఇంజిన్ ఏది, క్యామ్ అంకె ఎంత, వెనక ఇరుసు పళ్లు ఎన్ని, టైరు ఎత్తు ఎంత, మనిషితో కలిపి బండి బరువెంత, రోజూ నడుపుతావా లేక పందేలకా. లోర్నా సంచిలోంచి కార్బన్ తీసి కాగితం కింద పెట్టి రాసింది. క్యామ్ 228. బరువు 3,640, తనతో, సగం పెట్రోలుతో. గిడ్డంగి కాటా చీటీని కూడా దానికి గుచ్చింది.

స్ట్రిక్లర్ చదివి ఆ చీటీ పీకి వెనక్కి ఇచ్చేశాడు.

"ఇది నువ్వే ఉంచుకో. నలభై ఏళ్లుగా చేస్తున్నా ఈ పని. ఈ కాగితంలో నిజం రాసినవాడు ఇంతవరకూ పుట్టలేదు. బరువు తగ్గిస్తారు, క్యామ్ పెంచుతారు. ప్రతివాడి బండీ కాగితం మీద గుర్రం, రోడ్డు మీద గేదె."

"నేను ఉన్నదే రాశాను."

"ఆ ముక్క కూడా అందరూ అంటారు. నీకెందుకు, నా లెక్క నేను వేసుకుంటా."

మాట వరసకు అన్నాడనుకుంది లోర్నా. మూడు వారాలకు కన్వర్టర్ వచ్చింది. రెక్స్ బిగించాడు. అదే రోజు సాయంత్రం ఇంటికి వెళ్తూ ముప్పై ఒక్క మైళ్లలో ఆమె ఏడుసార్లు ఆగిపోయింది. ఏడోసారి రైలు గేటు దగ్గర. వెనక లారీవాడు దిగి వచ్చి, బండి నడపడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు.

సోమవారం పొద్దున్నే ఆమె రెక్స్ కౌంటర్ దగ్గర నిలబడింది. డెనీ రాథ్ కూడా అక్కడే ఉన్నాడు, తన ట్రక్కు కోసం. డెనీది ఆరువందల ఎకరాల సేద్యం. కోతల రోజుల్లో అతని మొక్కజొన్న రోజుకు నాలుగు లారీలు లోర్నా కాటా ఎక్కేది. రెక్స్ స్ట్రిక్లర్‌కు ఫోన్ చేశాడు. చేతులు నూనెగా ఉన్నాయని స్పీకరు నొక్కాడు. తుడుచుకోవడానికి గుడ్డ పక్కనే ఉంది.

"ఇంజిన్ చస్తోందా? అయితే పట్టు ముందే పడుతోంది," అన్నాడు స్ట్రిక్లర్. "ఉండు, ఆవిడ బండి కార్డు చూస్తా. ఆ, ఇదిగో. క్యామ్ 218, బరువు 3,900. ఆ బండికి నేను చేసింది సరిగ్గా ఉంది. ఆవిడ తప్పు రాసింది."

"218 నేను రాయలేదు," అంది లోర్నా. "228 రాశాను. బరువు 3,640 రాశాను."

"ఓహో, నువ్వూ ఉన్నావా? కార్డు నా చేతిలో ఉందమ్మా. నువ్వు ఇవాళ కథ మారిస్తే కార్డు మారదు. ఆ బండి నాకు తెలుసు. మనిషి ఎక్కి కూర్చుంటే 3,900కి తగ్గదు."

"కాటా మీద తూచి చెప్తున్నా."

"ఎవరి కాటా?"

"నేను పనిచేసే కాటా. మెర్ల్ క్రాసింగ్‌లో."

ఫోన్‌లోంచి నవ్వు వినబడింది. "అయితే మీ ఊరి రైతుల్ని చూస్తే జాలేస్తోంది. 3,900 బండిని 3,640 అని చూపించే కాటా మీద, పాపం వాళ్ల మొక్కజొన్న ఎంత మాయమవుతోందో."

రెక్స్ నవ్వలేదు కానీ ఫోన్ కట్ చేయడానికి తొందరా పడలేదు. డెనీ రాథ్ టోపీ తీసి, లోపలి పట్టీ చూసుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎంతన్నాడు తేడా?" అని అడిగాడు.

"రెండువందల అరవై," అన్నాడు రెక్స్. "లారీకి."

"కారుకి," అంది లోర్నా. "అది కూడా లేదు."

"నేనేం అన్లేదు లోర్నా," అన్నాడు డెనీ. "అడిగానంతే."

ఊరి నోటికి మూకుడు లేదు. బుధవారానికి డెనీ లారీలు తొమ్మిది మైళ్ల అవతలి గిడ్డంగికి మళ్లాయి. గురువారం ఇంకో ముగ్గురివి మళ్లాయి. లారీని పెద్దరోడ్డు మీది కాటాకు తోలుకెళ్లి సరిచూసుకుందామని ఎవరూ అనుకోలేదు. కోతల్లో అంత తీరిక ఎవరికీ లేదు. అనుమానపడటానికి తీరిక అక్కర్లేదు. వరసలో నిలబడ్డవాళ్లలో ఒకడు చీటీ తీసుకుంటూ, "దీనికి రెండువందల అరవై కలుపుకోవాలా అమ్మా?" అన్నాడు. వెనకవాళ్లు నేల చూపులు చూశారు.

గిడ్డంగి మేనేజరు కర్టిస్ ఆమెను లోపలికి పిలిచాడు.

"కాటాలు తనిఖీ చేసే ప్రభుత్వం వాణ్ణి రమ్మన్నాను. పన్నెండు రోజులకి గానీ రాడట. సోమవారం నుంచి నువ్వు వెనక గదిలో కాగితాలు చూసుకో. కిటికీ దగ్గర వేరేవాళ్లని పెడతా."

"కాటా తప్పయితే మనిషిని మారిస్తే సరిపోతుందా?"

"కాటా గురించి కాదు లోర్నా."

"మరి దేని గురించి?"

కర్టిస్ ఆ వారం లారీల లెక్క ఆమె వైపు తిప్పాడు. ఆమెకు అర్థమైంది. వెనక గదిలోకి వెళ్లిన తూకం మనిషి మళ్లీ కిటికీ దగ్గరికి రాదు. తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చి కాటా సరిగ్గానే ఉందని రాసినా, అప్పుడే సరిచేయించి ఉంటారనే అంటారు.

"రేపు సెలవు కావాలి," అంది లోర్నా.

"కోతల్లోనా?"

"ఎలాగూ కిటికీ దగ్గర నేనుండటం నీకిష్టం లేదు కదా."

శుక్రవారం పొద్దున్న ఆమె లైమా బయల్దేరింది. దారిలో తొమ్మిదిసార్లు ఇంజిన్ ఆగింది. ఊరి మొదట్లో బంకు దగ్గర ఆగి, ముల్లు సగం మీదికి వచ్చేదాకా పెట్రోలు పోయించింది. స్ట్రిక్లర్ షెడ్డులో ఈసారి ఆమె కుర్చీ కోసం చూడలేదు. కార్బన్ నకలు తీసి బల్ల మీద, అతని కాఫీ పక్కన పెట్టింది.

స్ట్రిక్లర్ అద్దాలు పెట్టుకుని చదివాడు. 228. 3,640. సంతకం. తేదీ. కార్డు తీసి పక్కన పెట్టుకున్నాడు. 218. 3,900.

"నా కాగితం ఏది?" అంది లోర్నా.

"కార్డు మీదికి ఎక్కించాక కాగితాలు పారేస్తా."

"ఎక్కించేటప్పుడు మార్చారు."

"మార్చాను." అతను అద్దాలు తీశాడు. "అందరివీ మారుస్తా. బరువుకి కలుపుతా, క్యామ్‌కి తీస్తా. ఇన్నేళ్లలో ఒక్కటి వెనక్కి రాలేదు. చేత్తో చేసేస్తానంతే, తలతో చూసుకోను కూడా."

"మార్చి, నేను రాశానని ఫోన్‌లో చెప్పారు."

"కార్డులో ఉన్నది చదివాను. నేను మార్చానని గుర్తులేదు. అంతమాత్రాన నా అంకె తప్పయిపోదు. క్యామ్ సంగతి ఒప్పుకుంటా, నువ్వు చెప్పిందే అయ్యుండొచ్చు. బరువు మాత్రం ఒప్పుకోను. నీ కాటా తక్కువ చూపిస్తోంది. నీకు నమ్మకంగా ఉందేమో, పాపం, నీ ఉద్యోగం అది."

"ఈ మాటే డెనీ రాథ్ విన్నాడు. సోమవారం నుంచి నన్ను కిటికీ దగ్గర కూర్చోనివ్వరు."

"డెనీ రాథ్ ఎవడో నాకు తెలీదు."

"తెలియకుండానే చెప్పారుగా. పెద్దరోడ్డు మీద లారీల కాటా ఉంది. ఇక్కడికి ఆరు మైళ్లు. అది మీదీ కాదు, నాదీ కాదు. రండి."

"నువ్వెళ్లి చీటీ తీసుకురా. చూస్తాను."

"నా చీటీ నేనే తెస్తే, దాన్నీ పీకి వెనక్కి ఇస్తారు. అన్నవాళ్లే పలక మీద ఉండాలి."

స్ట్రిక్లర్ షెడ్డు చుట్టూ ఒకసారి చూశాడు. రావడానికి అతనికి భయం లేదు. గెలుస్తానన్న నమ్మకం ఉంది. కోటు తీసుకున్నాడు. ఫైర్‌బర్డ్ తలుపు కిందికి ఉంటుంది. అతను ముందు కాలు పెట్టి, తర్వాత నడుం వంచి, చివరికి సీటు మీద కూలబడ్డాడు. బండి అటువైపు వాలింది.

ఆరు మైళ్లలో నాలుగుసార్లు ఇంజిన్ ఆగింది. మొదటిసారి ఆగినప్పుడు స్ట్రిక్లర్, "బ్రేకు అంత గట్టిగా తొక్కకు," అన్నాడు. రెండోసారి ఆమె కాలి వైపు చూశాడు. మూడోసారి చెవి ఒగ్గి విన్నాడు. నాలుగోసారి, "218 కాదులే ఇది," అని కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

కాటా పలక ముందు లోర్నా బండి ఆపింది. సంచిలోంచి చీటీల పుస్తకం తీసి, కార్బన్ పెట్టి, తేదీ వేసింది.

"మీ బరువెంత?"

"దేనికి?"

"తూకంలో మీరూ ఉంటారు. తీసెయ్యాలి కదా."

"రెండువందలు."

"రెండువందలేనా?"

"నా ఒళ్లు నాకు తెలీదా? సైన్యం నుంచి వచ్చినప్పటి నుంచీ రెండువందలే."

ఆమె రాసింది: "పక్క సీటులో వేడ్ స్ట్రిక్లర్. తాను చెప్పిన బరువు 200." పుస్తకం అతనికి ఇచ్చింది. అతను సంతకం పెట్టాడు. పెడుతూ, "మొత్తం ఎంత రావాలంటావు?" అన్నాడు.

"మీరు చెప్పింది నిజమైతే 3,840."

బండి పలక ఎక్కింది. లోర్నా స్తంభం మీది మీట నొక్కి, స్పీకరులో బండి పేరు చెప్పింది. లోపలి అమ్మాయి ఆగమంది. తర్వాత అంకె చదివింది.

"మూడువేల తొమ్మిదివందలు."

స్ట్రిక్లర్ అరచేత్తో తలుపు మీద కొట్టాడు. "విన్నావా? మూడువేల తొమ్మిదివందలు. నా కార్డు మీదున్న అంకె, అచ్చం. పలక ఎక్కకుండానే రాశా నేను."

"మీరు బండిలో ఉన్నారు."

"ఉన్నాను. నా రెండువందలూ తీసెయ్. 3,700. అయినా నీ చీటీకి అరవై తేడా. కాటా తప్పని అన్నానా లేదా? మరీ రెండువందల అరవై కాకపోతే పోనీ, అరవై. మీ రైతులు లారీకి అరవై పౌండ్లు ఊరికే వదులుకుంటారేంటి?"

లోర్నా బండి పలక దింపి పక్కన ఆపింది.

"దిగండి," అంది.

"ఎందుకు?"

"దిగండి."

దిగడానికి ఎక్కడం కంటే ఎక్కువసేపు పట్టింది. స్ట్రిక్లర్ కంచె పక్కన నిలబడ్డాడు. లోర్నా బండి తిప్పి మళ్లీ పలక ఎక్కించి, మీట నొక్కింది. స్పీకరు గొంతు కంచె దాకా వినిపిస్తుంది.

"మూడువేల ఆరువందల నలభై."

స్ట్రిక్లర్ కోటు బొత్తాం పెట్టుకోబోయాడు. అది అందలేదు. చేయి కిందికి దించాడు.

చీటీలు లోపల కౌంటర్ దగ్గర తీసుకోవాలి. ఇద్దరూ వెళ్లారు. అమ్మాయి రెండూ ముద్ర వేసి, ఒకదాని తర్వాత ఒకటి చూసింది.

"ఒకే బండా? మధ్యలో ఏం దించారు?"

"ఈయన్ని," అంది లోర్నా.

అమ్మాయి స్ట్రిక్లర్ వైపు చూసింది. నవ్వు ఆపుకోవడానికి కంప్యూటర్ వైపు తిరిగింది. వెనక నిలబడ్డ లారీ డ్రైవరు ఆపుకోలేదు.

బయటికి వచ్చాక స్ట్రిక్లర్ గొంతు తగ్గించాడు. "సరే. నువ్వు రాసినట్టే ఇంకోటి చేసిపెడతా. 3,200 చుట్లకి పట్టు పడేలాగా. నేనే లైమా నుంచి పంపిస్తా. నా సంతకమున్న కాగితం ఇటివ్వు."

"రెక్స్‌కి ఫోన్ చేసి కాటా సరిగ్గా ఉందని చెప్తారా? స్పీకరులో, జనం ఉన్నప్పుడు?"

"చెయ్యను. నేనెవరికీ ఫోన్‌లో సంజాయిషీ ఇచ్చుకోను. కన్వర్టర్ చేస్తానన్నాగా."

"నేను వచ్చింది కన్వర్టర్ కోసం కాదు."

"ఆ కాగితం ఇటివ్వు, అమ్మాయ్."

లోర్నా చీటీల పుస్తకం తెరిచి, అసలు కాగితం చింపి అతని చేతికిచ్చింది. అతను దాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తడబ్బాలో వేశాడు. లోర్నా పుస్తకం సంచిలో పెట్టుకుంది. నకలు అందులోనే ఉంది. కార్బన్ కింద ఏముంటుందో నలభై ఏళ్లు కాగితాలు పారేసినవాడికి గుర్తు రాలేదు.

అతన్ని ఆమె షెడ్డు దగ్గర దింపింది. ఆ ఆరు మైళ్లలో ఇంజిన్ అయిదుసార్లు ఆగింది.

సోమవారం ఆరింటికి కర్టిస్ వచ్చేసరికి లోర్నా కిటికీ దగ్గరే ఉంది. అద్దానికి, పాత అట్ట కింద, మూడు కాగితాలు బయటికి కనబడేలా అతికించి ఉన్నాయి. మొదటిది 3,900 చీటీ. రెండోది 3,640 చీటీ. మూడోది సంతకంతో ఉన్న కార్బన్ నకలు. వాటి మీద ఆమె కొత్తగా ఒక్క అక్షరం కూడా రాయలేదు.

కర్టిస్ అద్దం ముందు నిలబడి చదివాడు. పెదాలు కదిలిస్తూ తీసివేత చేశాడు.

"రెండువందల అరవై," అన్నాడు.

"అవును."

"రెండువందలని సంతకం పెట్టాడా?"

"పెట్టాడు."

కర్టిస్ తన గదిలోకి వెళ్లిపోయాడు. కిటికీ సంగతి మళ్లీ ఎత్తలేదు. పొరబడ్డానని కూడా అనలేదు.

రైతులకు తీసివేత ఒకరు నేర్పనక్కర్లేదు. ఎనిమిదింటికల్లా వరసలో ఉన్నవాళ్లు లారీలు దిగి వచ్చి అద్దం చదివి వెళ్లారు. స్ట్రిక్లర్ ముఖం ఆ ఊళ్లో చూసినవాళ్లు రెక్స్, లోర్నా తప్ప ఎవరూ లేరు. అతని బరువు మాత్రం మధ్యాహ్నానికి మూడు ఊళ్లకు తెలిసింది. బుధవారం మూడు లారీలు తిరిగొచ్చాయి. డెనీ రాథ్‌వి రాలేదు.

కొత్త కన్వర్టర్ పద్దెనిమిది రోజులకు వచ్చింది. ఈలోగా ఇన్‌స్పెక్టరు వచ్చి కాటా సరిగ్గానే ఉందని రాసి వెళ్లాడు. డబ్బాలో ఉత్తరం లేదు. రెక్స్ బిగించి, తాళాలు కౌంటర్ మీద పెట్టాడు. వాటి పక్కన ఒక కాగితం పెట్టాడు. అది స్ట్రిక్లర్ ప్రశ్నల కాగితం, కొత్తగా అచ్చువేసింది.

"ముసలాయన పన్నెండోది కలిపాడు. చూడు."

లోర్నా చదివింది. "పై బరువు తూచింది ఎవరు? చీటీ జతచేయండి."

"నీ దెబ్బకి ఇకనుంచి అందరూ కాటా ఎక్కాలి," అన్నాడు రెక్స్. "నా గిరాకీ సగం పోయేట్టుంది. సంతోషమేనా?"

"కన్వర్టర్ బోల్టులు గట్టిగా బిగించావా?"

"బిగించాను."

"ఎంతకి?"

రెక్స్ ఆమెను చూశాడు. చూసి, గోడకు వేలాడుతున్న బిగువు కొలిచే పానా తీసుకుని, తిట్టుకుంటూ బండి కిందికి దూరాడు.

ఆ సాయంత్రం రైలు గేటు దగ్గర ఫైర్‌బర్డ్ ఆగింది. బ్రేకు మీద కాలు తేలిగ్గా ఉంది. ఇంజిన్ గుంజలేదు. ఆగిపోనూ లేదు. నలభై అయిదు మైళ్ల వేగం దగ్గర లాక్ పడింది. ఇల్లు చేరేసరికి నూనె వేడి 180 ఫారెన్‌హీట్ దగ్గర నిలిచింది. లోర్నా ఆ అంకె రాసుకుంది.

మర్నాడు పదకొండింటికి డెనీ రాథ్ లారీ వరసలోకి వచ్చింది. అతను పలక ఎక్కించి, కిటికీ వైపు చూడకుండా చీటీ తీసుకుని, లోపలికి వెళ్లి గింజ దించాడు. తిరిగొచ్చి ఖాళీ లారీ ఎక్కించాక తలుపు సగం తెరిచాడు. అద్దం మీది మూడు కాగితాలూ అక్కడి నుంచి కనబడుతున్నాయి.

"దగ్గరికొచ్చి చదువుదామని," అన్నాడు. "దిగనా?"

"నిండు లారీతో వచ్చినప్పుడు దిగావా?"

"లేదు. కూర్చునే ఉన్నా."

"అయితే కూర్చో," అంది లోర్నా.

డెనీ తలుపు వేసుకున్నాడు. ఆమె అంకె చూసి ముద్ర వేసింది.